ఇసుక కుప్పలో సమాధి

పొద్దున ఖానాపురం హవేలిలో మా సందు మూలన టిప్పరొకటి ఇసుక దిమ్మరించి పోయింది. తడి ఇసుక వాసన, వాగు అడుగున ఉండే ఆ చల్లని పచ్చి వాసన, కిటికీలోంచి వంటింట్లోకి వచ్చేసరికి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా నేను తల్లాడ అవతల మా ఊళ్లో, సగం లేచిన చర్చి గోడల ముందు నిలబడిపోయాను. పాలు పోతే పోయాయి లెండి.

నా చిన్నప్పుడు ఒక ఏడాది, ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో, చర్చి కడుతున్నారు. ఎండలు ముదిరి, ఇప్పపూల మత్తు వాసన గాలిలో తేలుతూ, తాటిముంజలు ఇంకా దిగని రోజుల్లో, ఎడ్లబండ్ల మీద వాగు ఇసుక వచ్చి పడేది. తట్టలు మోసేవాళ్లలో మా అమ్మకు అక్క, మార్తమ్మ పెద్దమ్మ, అందరికంటే ముందుండేది. కొంగు నడుముకు చెక్కి, ఆకూవక్కా నములుతూ, తట్టెడు ఇసుక కుప్ప కొన మీద పోసి, అది ఎటు జారుతుందో ఒక్క క్షణం చూసిగానీ కదిలేది కాదు.

ఇంకా ఎత్తుగా, తాటిచెట్టంత పొయ్యమని ఒకరోజు నేనే అడిగాను. నవ్వింది.

"ఎంత పోసినా గంతే బిడ్డా. గింజకు గింజ గీసుకుని పట్టుకుంటది. ఆ పట్టు ఉన్నకాడికే నిలుస్తది, ఆపైన జారుతది. ఎత్తు గావాల్నంటె కింద జాగియ్యాలె."

పోసి చూపించింది కూడా. కుప్ప వెడల్పయింది, కాస్త లేచింది, దాని వాలు మాత్రం మారలేదు. బడి గడప తొక్కని మనిషి. ఘర్షణ అనే మాట నేను పదో తరగతిలో నేర్చుకున్నాను, ఆమెకు అది అరచేతులతోనే తెలుసు.

విన్నానా? ఎక్కడ విన్నాను! ఈస్టరుకు సండే స్కూలు పిల్లలం నాటిక వెయ్యాలి, దానికి ప్రభువును పెట్టిన గుహ సమాధి కావాలి. ఎదురుగా అంత కుప్ప ఉండగా వెతకడమెందుకని పొద్దున్నే, ఇసుక తడిగా గోడలా నిలబడి ఉన్నప్పుడు, కొబ్బరి చిప్పలతో గుహ తవ్వాం. ఎంత చక్కగా నిలిచిందో! మా పనితనానికి మేమే మురిసిపోయాం. లోపల ఉండే దేవదూతగా, ఐదేళ్ల మా చెల్లె రూతుకు తెల్ల దుప్పటి చుట్టాను. పెత్తనమంతా నాదే కాబట్టి సరిగ్గా వచ్చేదాకా దాన్ని మళ్లీ మళ్లీ లోపలికి పాకించాను. ఎండెక్కింది. ఆరిన ఇసుక పైనుంచి సన్నగా రాలుతోంది. చూశాను. చూసి కూడా ఇంకొక్కసారి పొమ్మన్నాను.

తట్టతో వస్తున్న పెద్దమ్మ ఆ రాలుడు చూసింది. "ఓయమ్మో, పొల్ల ఏదే!" అని తట్ట విసిరేసి ఉరికింది. ఆమె వంగేలోపే కుప్ప చప్పుడు లేకుండా కూర్చుంది. బయట రెండు పాదాలే కనిపించాయి. పెద్దమ్మ ఆ చీలమండలు పట్టి గుంజింది. చెమటతో జారే చిన్న కాళ్లు, ఇంకెవరి చేతుల్లోనైనా జారిపోయేవే. తట్టా పారా పట్టి పట్టి గరుకుదేలిన ఆ అరచేతులు జారనివ్వలేదు. రెండో గుంజుకు రూతు బయటికొచ్చింది. నోట్లో ఇసుక వేలితో తీసి వీపు మీద చరిస్తే దగ్గి, గుక్కపట్టి ఏడ్చింది. అంత తియ్యని చప్పుడు నేను మళ్లీ వినలేదు.

నన్ను చావగొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి తీసుకుని ఇసుక మీద పెట్టింది.

"పొద్దుగాల తడి పట్టుకున్నది. ఇప్పుడారింది, ఇడిసిపెట్టింది. దాని తప్పు గాదు, మనం సూసుకోవాలె. సమజైందా?"

"అవ్" అన్నాను. అప్పుడు కూలబడి, పిల్లను ఒళ్లో పెట్టుకుని, తనూ ఏడ్చింది.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఎడ్లబండ్లు పోయాయి, వాగును అడుగు రాళ్లు తేలేదాకా తోడేశారు, ఊళ్లో ఇళ్లన్నీ రాతిపొడి ఇసుకతోనే లేస్తున్నాయి. రూతు మధిరలో నర్సు. మొన్న వచ్చినప్పుడు ఆ రోజు గుర్తుందా అని అడిగాను.

"ఇసుక గుర్తులేదక్కా. కాళ్లు గీసుకుపోయి మంట పుట్టింది, అదొక్కటే గుర్తుంది" అని చీలమండ తడుముకుంది.

నా చేతులు చూసుకున్నాను. కంప్యూటరు ముందు కూర్చుని నున్నబడిన చేతులు. పెద్దమ్మ లాంటి చెయ్యి మా ఇంట్లో ఇప్పుడొక్కటీ లేదు. ఆ చెయ్యి జారనివ్వని మా చెల్లె ఉంది.