రైల్వే ఎరుపు కోళ్ల గూడు

యుద్ధానికి ముందు వ్లాస్తా ఊరందరి బట్టలూ ఉతికేది. మగవాళ్లు యుద్ధానికి పోయాక మా రైల్వే షెడ్డులో ఆడవాళ్లకు పని దొరికింది. ఇంజన్లు తుడిచే పనిలో ఇద్దరం ఒకే రోజు చేరాం. వ్లాస్తా ఒళ్లంతా గ్రీజు పూసుకుని, "ఇది నా మురికే బెర్నీస్, ఎవరిదో కాదు" అని నాతో అంటూ మురిసిపోయేది. మళ్లీ ఒకరి బట్టల తొట్టిలో చెయ్యి పెట్టనని ఒట్టు పెట్టుకుంది.

మా ఊళ్లో రైల్వే ఎరుపు అంటని ఇల్లు లేదు. గూడ్సు పెట్టెలకు వేయగా డబ్బా అడుగున మిగిలింది ఎవరి తలుపుకో, ఎవరి కుర్చీకో చేరేది. దాన్ని దొంగతనం అనం, మిగులు అంటాం. యుద్ధంలో రంగుకు కరువొచ్చాక ఫోర్‌మన్ పీట్ భోజనాల గదిలో నోటీసు అంటించాడు. చుక్క రంగు బయటికెళ్లినా ఉద్యోగం ఊడుతుందట. వ్లాస్తా ఆ నోటీసు కిందే కూర్చుని తిని, ఖాళీ అయిన తిండి డబ్బాలో రోజూ కాస్త రంగు పట్టుకెళ్లింది. ఆవిడ మొగుడు ఎమిల్ నేవీకి వెళ్లబోతూ కోళ్ల గూడు కట్టాడు, రంగేసే తీరిక దొరకలేదు. ఈ ఎరుపంతా దానికే పూసింది వ్లాస్తా. "ఇక్కడ ఓడా బూడిద రంగే, సముద్రమూ బూడిద రంగే. నా గూడుకు ఏ రంగేశావు?" అని ఉత్తరం రాశాడు పాపం.

ఆ వేసవిలో, పనిచేసే ఆడవాళ్ల ఫొటోలు తీయడానికి వాషింగ్టన్ నుంచి ప్రభుత్వం వాళ్ల కుర్రాడొకడు దిగాడు. షెడ్డులో తీశాక వ్లాస్తాతో, "ఇంటి దగ్గర కోళ్లకు గింజలేస్తూ ఒకటి తీస్తాను, పత్రికలో వేస్తారు" అన్నాడు. వ్లాస్తా ఉబ్బిపోయింది. గసగసాల బన్నులు చేసింది. దాచుకున్న ఆకుపచ్చ తలగుడ్డ కట్టింది.

కుర్రాడు కెమెరాలోంచి చూసి, "ఆ ఎరుపు ముందు మీ ఆకుపచ్చ గుడ్డ అదిరిందమ్మా" అన్నాడు.

"ఫొటోలో రంగెక్కడిది నాయనా? అంతా బూడిదేగా."

"ఇది కొత్త ఫిల్మండీ. ఉన్న రంగు ఉన్నట్టే పడుతుంది."

వ్లాస్తా చేతిలో గింజలన్నీ ఒక్కసారే జారిపోయాయి. కోళ్లకు పండగ.

"పోనీ ఆ చెట్టు దగ్గర తీయకూడదూ?"

"చెట్లు ఎక్కడైనా ఉంటాయమ్మా. గూడే బాగుంది."

గూడు మీద దుప్పటి ఆరేయబోతే తీసేయమన్నాడు. చివరికి రెండు చేతులూ బార్లా చాచి అడ్డంగా నిలబడింది. మనిషి వెడల్పే గాని, గూడు అంతకన్నా వెడల్పు. "ఎంత ధీమాగా నిలబడ్డారండీ" అని మెచ్చుకుని, ఫొటో తీసుకుని, మిగిలిన బన్నులు జేబులో వేసుకుని వెళ్లాడు.

మర్నాడే గూడుకు సున్నం కొట్టింది. గూడు గులాబీ రంగుకు తిరిగింది. తర్వాత వాన పడి సున్నం కారిపోయి, ఎరుపు మునుపటికన్నా నిగనిగలాడుతూ బయటపడింది. నాకు నవ్వాగలేదు.

"నవ్వవే, నవ్వు. రేపు మీ ఇంటి దుప్పట్లు నేనే ఉతకాలి" అంది. నేను నవ్వు ఆపేశాను. ఆ తర్వాత షెడ్డులో పీట్ ఎదురైతే వ్లాస్తా తేలు కుట్టిన దొంగలా నోరెత్తేది కాదు.

చలికాలానికి పత్రిక వచ్చింది. పీట్ ఆ పేజీ చింపి నోటీసు పక్కనే అంటించాడు. అందరం మూగాం. ఏ పుణ్యాత్ముడు అచ్చేశాడో గాని, ఫొటో అంతా నలుపూ తెలుపే. గూడు శుభ్రంగా బూడిద రంగులో ఉంది.

"బతికిపోయావే" అన్నాను చెవిలో.

వ్లాస్తా ఫొటోనే చూసి చూసి, పీట్ వైపు తిరిగింది.

"ఇదేంటండీ పీట్ గారూ? ఎమిల్‌కి పంపుదామనుకున్నాను. ఆయన చూసే బూడిద చాలదా? నా గూడు ఎంత ఎరుపని! మీ గూడ్సు పెట్టె పక్కన పెడితే తేడా తెలీదు."

గదిలో ఎవరూ నమలడం లేదు.

పీట్ కాఫీ కప్పు కింద పెట్టి బయటికి వెళ్లాడు. సన్న కుంచె ఒకటి పట్టుకుని తిరిగొచ్చాడు. దాని కొసన ఎరుపు. తన నోటీసుకు భుజం ఆనించి, ఫొటోలో గూడు ఒక్కో చెక్కకూ రంగు వేశాడు.

"ఇక పంపుకో" అన్నాడు.

వ్లాస్తా ముక్కు ఎగబీల్చి, ఫొటోకు దగ్గరగా వంగి చూసింది.

"ఆ మూల వదిలేశారు" అంది.

పీట్ ఇంకాస్త రంగు ముంచుకు రావడానికి మళ్లీ బయటికి వెళ్లాడు.