అడగకుండా తీసుకున్న పాలు

తునికాకు కోతకు వెళ్లిన చోటే నాగలక్ష్మికి నొప్పులొచ్చాయి. మొగుడు వీరబాబు మోటారుసైకిల్ మీద అడవి దాటించి దవాఖానాకు చేర్చాడు. నెలలు నిండని ఆడపిల్ల పుట్టింది. చప్పరించే బలం కూడా లేదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, సిరంజీతో కొంచెం కొంచెంగా పాలు పోయాలన్నారు.

ఆ వార్డులో నర్సు హెప్సిబా. భయంతో బిగుసుకుపోయిన నాగలక్ష్మి పక్కన కూర్చుని, వేడిగుడ్డతో కాపడం పెట్టి, పాలు ఎట్లా పిండాలో చేయి పట్టి నేర్పింది ఆమే.

"నీ పాలే దీనికి మందు. డబ్బాపాలు ఈ పేగులు తట్టుకోవు, చెల్లె," అంది.

తల్లి లేని నాగలక్ష్మికి ఆ పిలుపుతో ప్రాణం లేచొచ్చింది. అక్కా అని పిలవసాగింది. హెప్సిబా తన టిఫిన్‌లో సగం ఆమెకు పెట్టేది.

పడ్డ కొద్దిపాటి పాలూ పూటపూటకీ పిండి గిన్నెలో ఇచ్చేది నాగలక్ష్మి. అయినా పిల్ల ఒళ్లు చేయలేదు. ఒకరోజు పొట్ట ఉబ్బి, పసరు కక్కింది. డాక్టరు పాలు ఆపించి సెలైన్ పెట్టించాడు.

"తల్లిపాలే పోస్తున్నరు కదా, గిట్లెందుకైంది?" అని అడిగాడు.

హెప్సిబా తల వంచుకుని గొట్టం సరిచేసింది. తను తిన్నదేదో పిల్లకు పడలేదేమోనని నాగలక్ష్మి కూర ముట్టడం మానేసింది. వట్టి మజ్జిగన్నమే తినేది.

పొట్ట దిగాక మళ్లీ పాలు మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం గిన్నె ఇచ్చి వెళ్లిన నాగలక్ష్మి, మూత చేతిలోనే ఉండిపోయిందని వెనక్కి వచ్చింది. హెప్సిబా ఆ గిన్నెలోంచి పాలు లాగి, కిటికీ పక్కనున్న బాబుకు పోస్తోంది. నాగలక్ష్మి బిడ్డ పక్కన మాత్రం, పోయడానికి కలిపిపెట్టిన డబ్బాపాలు ఉన్నాయి.

"అక్కా, ఏంది గిది?"

హెప్సిబా సిరంజీ కింద పెట్టింది. ఆ బాబు ఆమె చెల్లెలు దీవెన కొడుకు. కాన్పులో ఫిట్స్ వచ్చి దీవెన ఐసీయూలో తెలివి లేకుండా పడి ఉంది.

"మావోడు దక్కడేమోనని భయమైంది. పాలు ఇద్దరికీ చాలవు, చెల్లె..."

"చెల్లె అనకు. అడిగితే ఇయ్యకపోదునా? నా తిండి వల్లనే అనుకుని నేను కడుపు మాడ్చుకుంటుంటే, నీకు నోరెట్ల రాలే?"

నాగలక్ష్మి విషయం డాక్టరుకు చెప్పింది. హెప్సిబాను ఆ వార్డు నుంచి తీసేశారు. అప్పటినుంచి ప్రతిపూటా సిరంజీ నాగలక్ష్మే పట్టుకుంది. కిటికీ పక్క బాబు సన్నగా ఏడిస్తే మొదట మొహం తిప్పుకుంది. రెండోనాటికి ఉండబట్టలేదు. మళ్లీ కూర తింటుండటంతో పాలూ పెరుగుతూ వచ్చాయి. డాక్టరు పరీక్షలు చేయించి సరేనన్నాక, తన బిడ్డకు పోయగా మిగిలినవి కొత్త నర్సుకిచ్చింది.

"ఆ బాబుకు పొయ్యి. నేనే ఇచ్చిన్నని వాళ్లకు చెప్పు."

వానలు పడేనాటికి పిల్ల రొమ్ము పట్టింది. ఇంటికి తెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు హెప్సిబా పిల్లకని గౌన్లు పట్టుకుని ఊరికి వచ్చింది. దీవెన కోలుకుందని చెప్పి ఏడ్చింది. నాగలక్ష్మి చాప వేసింది, మంచినీళ్లిచ్చింది. హెప్సిబా పిల్ల కోసం చేతులు చాచింది.

"పండుకున్నది," అంది నాగలక్ష్మి, బిడ్డను రొమ్ముకు అదుముకుంటూ.

పిల్ల కళ్లు తెరిచే ఉంది.