కాథరిన్ మైదానంలో డాన్ మోచేయి

తొంభైల మొదట్లో డార్విన్ నగరంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. మా ఆసుపత్రి నర్సు మేరీ ఆంటీది కాకినాడ. సెలవు రోజుల్లో ఒక బేస్‌బాల్ జట్టుకు స్కోరు రాసేది. ఆ జట్టు పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, డాన్. ఆరున్నర అడుగుల మనిషి. మోచేయి నొప్పితో ఏడాదిలో రెండుసార్లు నా దగ్గరికి వచ్చాడు. అతనికంటే జానెడు పొట్టి అయిన రెండో పిచ్చర్ స్టీవ్ ఒక్కసారీ రాలేదు. అంత కండ ఉన్నవాడికే ఎందుకిలా అని అడిగితే, "సాటర్‌డే కాథరిన్ ఊళ్ళో మ్యాచ్ ఉందమ్మా. రా, నువ్వే చూద్దువుగాని," అంది ఆంటీ.

ఉదయం ఆరున్నరకు జట్టు బస్సులో బయల్దేరాం. దక్షిణంగా ఒకటే హైవే, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. పైన్ క్రీక్‌లో టీకి ఆగితే, కొట్టావిడ డాన్‌ను ఎగాదిగా చూసి, "నువ్వు విసిరితే గోడలు కూలతాయి!" అంది. "గోడల సంగతేమో కానీ, నా మోచేయి కూలుతోంది," అన్నాడతను. పదకొండుకు కాథరిన్ చేరాం.

ఆంటీ పుస్తకంలో డాన్ విసిరిన ప్రతి బంతికీ ఒక గీత. గురి తప్పి పైకి పోతే గీత మీద చుక్క. పాత పేజీలు తిప్పి చూపించింది. నొప్పి వచ్చిన రెండు మ్యాచ్‌లలోనూ చివర్లో చుక్కలే చుక్కలు.

"పొడుగు చెయ్యి, స్పీడ్ ఎక్కువ. లోడంతా ఎల్బో మీదే పడతాది అనుకుంటన్నా. బట్ ఇద్దర్ని చూసి చెప్పలేం కదమ్మా, అందుకే రాస్తన్నా," అంది.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరోదానికే చుక్కలు మొదలయ్యాయి. మావాళ్ళు ఒక్క పరుగే ముందున్నారు. "అంత మనిషికి ఏమవుతుంది?" అన్నాడు కోచ్. మా జట్టు బ్యాటింగ్‌కు రాగానే నేను డాన్ దగ్గరికి వెళ్ళి, చిటికెన వేలు తిమ్మిరెక్కిందా అని అడిగాను. మోచేతి నరం నలిగితే ముందు తెలిసేది ఆ వేలికే. ఔనన్నట్టు తలూపాడు. "ఇంకొక్క ఇన్నింగ్స్. అందరూ నన్నే నమ్ముకున్నారు."

ఆంటీ పుస్తకం అతని ముందు పెట్టింది. గీతల వెంట వేలు పోనిచ్చి చివరి చుక్కల దగ్గర ఆపాడు. తర్వాత లేచి బంతిని స్టీవ్ చేతిలో పెట్టాడు.

ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో డాన్‌తో ఎవరూ మాట్లాడలేదు. ఓటమికి నేనే కారణమేమోనని దారంతా మథనపడ్డాను. ఆరు వారాల విశ్రాంతి తర్వాత అతను మళ్ళీ మైదానంలో దిగాడు. ప్రతి ఇన్నింగ్స్ చివరా తనే, "ఎన్ని బంతులయ్యాయి, మేరీ?" అని కేకేసేవాడు.

తప్పు ఆ ఒంటి పరిమాణానిదో, లెక్కకు మించి విసరడానిదో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ నొప్పిని దాచుకునే మనిషికి 'ఇక చాలు' అనడానికి ఒక సాకు కావాలి. ఆ రోజు డాన్‌కు అది దొరికింది. మీరూ కాథరిన్‌కు ఆట చూడ్డానికి వెళ్ళదలిస్తే, అక్కడ వానలు లేని జూన్, జూలైలలో వెళ్ళండి. మైదానంలో స్కోరు రాసేవారి పక్కనే చోటు చూసుకోండి.