తాతయ్య ముక్కు మీద పరాయి అద్దాలు

మా తాతయ్య కళ్లద్దాలు చేస్తాడు. ముప్ఫై ఏళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించి, ఊళ్లో సగం ముక్కుల కొలతలు నోటికి చెప్పగలడు. అలాంటి మనిషి తన ప్లస్ పవర్‌కి లేజర్ చేయించుకుని, బోసి ముక్కుతో దుకాణంలో కూర్చున్న రోజున, వంటవాడు హోటల్లో తిన్నట్టుందని నానమ్మ వెక్కిరించింది. ఆయనకి ఎక్కలేదు. వచ్చినవాళ్లందరి ముందూ సూదిలో దారం ఎక్కించి చూపించాడు.

డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈ లేజర్ తర్వాత కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర, కుదురుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి చూపు కొంత వెనక్కి జారుతుంది, ఏడాదిలో మూడుసార్లు వచ్చి కొలిపించుకోమని. తాతయ్య ఒక్కసారి వెళ్లాడు. తర్వాత అంకెలు అలుక్కుపోతున్నా నోరు మెదపలేదు.

మరి పనెలా చేశాడంటారా? జనం కోసం తయారుచేసి ఉంచిన అద్దాల్లో తనకి పనికొచ్చేవి తగిలించుకుని. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి దుకాణంలో చేరిన నాకే వారంలో తెలిసిపోయింది. నవ్వుకున్నానే గాని నానమ్మకి చెప్పలేదు. ఆ తప్పు నాది.

సరిపడే జత దొరకని రోజున మా ఊరి బడి పంతులమ్మ తెచ్చిన డాక్టరు చీటీలో అద్దం తిప్పాల్సిన కోణం ఎనభైని ముప్ఫై అని చదివి, అద్దాన్ని ఆ కోణంలో బిగించాడు. నేల పక్కకి ఒరుగుతోందని ఆవిడ రెండుసార్లు వచ్చింది. కొత్తవి కదా, అలవాటు కావాలని రెండుసార్లూ పంపేశాడు. రెండోసారి ఆవిడ వెళ్లాక ఎవరివో అద్దాలు పెట్టుకుని చీటీ తీసి చూసి తెల్లబోయాడు. అయినా కబురు పెట్టలేదు.

మూడోసారి ఆవిడ కుంటుతూ వచ్చింది, బడి మెట్ల మీద పడి. అప్పుడు తాతయ్య ముక్కు మీద ఎవరో పెద్దావిడ ఎర్ర ఫ్రేము ఉంది.

"లోపం నా కళ్లలోనే ఉన్నట్టుంది అన్నయ్యగారూ. నేనూ లేజర్ చేయించుకుంటాను, రేపు రమ్మన్నారు. మీకు బాగా కుదిరింది కదా."

తాతయ్య చెవులు ఫ్రేముకంటే ఎర్రబడ్డాయి.

"మీ కళ్లకేం కాలేదమ్మా. నాకే కుదరలేదు. మీ చీటీ తప్పు చదివాను. తెలిశాక కూడా చెప్పలేదు."

ఆవిడ బల్ల మీద కూలబడింది. "నాకు మతి పోతోందేమో అనుకున్నానండీ," అంది. కోప్పడినా బాగుండేది.

అక్కడికక్కడే అద్దం మార్చాడు. చీటీ ఆవిడే చదివింది. ఆయన తలెత్తకుండా బిగించాడు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లాడు. చూపు జారిందని, నెలల తేడాతో రెండు కొలతలు ఒకటే వస్తేగాని ఇంకేమీ చేయనని, అంతవరకూ అద్దాలు పెట్టుకోమని చెప్పింది. తాతయ్య బుద్ధిగా తలూపాడు.

బయటికొచ్చాక, పంతులమ్మ మోకాలు ఎలా ఉందో కనుక్కుని రమ్మని నన్ను బతిమాలాడు.

"నువ్వే వెళ్లు తాతయ్యా," అన్నాను.

వెళ్లాడు. పంతులమ్మ వీధి మలుపు తిరగడానికి ఆయనకి అరగంట పట్టింది.