కూత మేస్త్రి

మా రైల్వే కార్ఖానాలో బాయిలర్ షాపు మేస్త్రికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. అందుకే ఆయన్ని కూత మేస్త్రి అనేవాళ్లం.

ఓవర్‌హాల్‌కి వచ్చిన ఆవిరి ఇంజనును విప్పి, బాయిలర్‌ను క్రేనుతో ఎత్తి మా షాపులో దించేవారు. పాత ట్యూబులు లాగి, లోపల పేరుకున్న సున్నపు పొర గీకి, అరిగిన రేకు కోసి కొత్తది బిగించేవాళ్లం. మేస్త్రి బయటినుంచి ఎర్రగా కాలిన రివెట్ మేకు మీద సుత్తి వేస్తుంటే, ఆయన బావమరిది బాయిలర్ కడుపులో కూర్చుని అవతలి కొసను ఇనుపదిమ్మెతో అదిమి పట్టేవాడు. ఆ మోతలో అరవక తప్పదు. మేస్త్రి మాత్రం గేటు దాటాక కూడా అరిచేవాడు.

ఇంట్లో ఆయన "నీళ్లు కాగాయా?" అంటే పక్కింటివాళ్లు "కాగాయట, వెళ్లండి" అని జవాబిచ్చేవారు. ఆస్పత్రిలో మా నాన్నను చూడవచ్చి, "మీరు బాగా నిద్రపోవాలి" అని చెప్పేసరికి వార్డంతా లేచి కూర్చుంది. ఒకసారి "ఎవరికీ చెప్పకు" అంటూ నా చెవిలో వేసిన రహస్యం రెండో షిఫ్టు వాళ్లకి కూడా అందింది.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. ఆయన బిగించిన బాయిలర్ నీళ్ల పరీక్షలో చెమ్మ కూడా చూపేది కాదు. రివెట్ల వరుస మీద అరచేయి రాసి, ఆ పొడి చేతిని మాకు చూపించేవాడు. నోరు తెరవకుండా ఆయన చెప్పే మాట అదొక్కటే.

కొత్తగా వచ్చిన ఫోర్‌మన్‌కి తలనొప్పి పట్టుకుంది. మేస్త్రిని గదికి పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్లాను.

"భోజనాల వేళ కూడా ఆ అరుపేంటయ్యా? గొంతు తగ్గించు. లేదంటే రేపే బ్రేకు షాపుకి మార్చేస్తా."

"మార్చండి సార్. మా బావమరిదినీ నాతో పంపండి." కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"అతనెందుకు? అతను నోరే ఎత్తడు కదా."

మేస్త్రి తలుపులోంచి వరండా వైపు చూశాడు. 

ఫోర్‌మన్ కూడా అటు చూసి వరండాలోకి నడిచాడు, వెనకే మేమూ. అక్కడ బావమరిది గోడవైపు తిరిగి సుత్తికి పిడి చెక్కుతున్నాడు. ఫోర్‌మన్ వెనక నిలబడి "టీ తాగుతావా?" అన్నాడు. చెక్కడం ఆగలేదు. మళ్లీ అడిగినా ఆగలేదు.

"ఆ మోత వాడి చెవుల్ని తినేసింది సార్." మేస్త్రి గొంతే అది, కానీ దూదిలా ఉంది. "పని కంటితో, చేత్తో చేస్తాడు, లోటుండదు. చెవుల పరీక్ష పెడితే మాత్రం ఇంటికి పంపేస్తారు. పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. వాడొక్కడి దగ్గరే అరిస్తే నలుగురికీ తెలిసిపోతుంది కదా. అందుకని అందరి దగ్గరా అరుస్తున్నా."

ఫోర్‌మన్ నావైపు తిరిగాడు. "నువ్వేం వినలేదు కదా?"

"నాకూ కాస్త చెవుడే సార్," అన్నాను.

ఫోర్‌మన్ తలాడించి, ఊపిరి బిగబట్టి, "టీ తాగుతావా?" అని ఒక్క కేక పెట్టాడు. షెడ్డు కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

బావమరిది తాపీగా వెనక్కి తిరిగి లేచి నిలబడ్డాడు.

"తాగుతాను సార్. మా బావకి కూడా కాస్త చెప్పండి, మీలాగా మెల్లగా మాట్లాడమని."