మా అత్త తినేసిన ఓటు

మార్చి ఎనిమిదో తారీకు ప్రొద్దుటూరులో మీటింగుంది, నువ్వు గూడా మాట్లాడాలమ్మా అని ఫోను వస్తే నాకు భయమాయ. నేను రవికెలు కుట్టేదాన్ని. మిషను తొక్కమంటే పొద్దుగూకే దాకా తొక్కుతా గానీ మైకు ముందర ఏం మాట్లాడేది? అయినా పోతి. మా అత్తను గూడా పిలుచుకోని పోతి. పెద్దామె అని ఆమెను ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టిరి.

నాకంటే ముందు ఒక కాలేజీ మేడం మాట్లాడింది. పరాయి దేశాల్లో ఆడోళ్లు ఓటు కోసరం జైళ్లకు పోయినారంట, అన్నం మానేసినారంట, వీధుల్లో దెబ్బలు తిన్నారంట. వింటాంటే నాకు ఒళ్లు జలదరించింది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చినాక మొదటి ఎన్నికల్లోనే మగోళ్లతో పాటు ఆడోళ్లకూ ఓటిచ్చినారని ఆమె చెప్తే అందరూ చప్పట్లు కొట్టిరి. నేనూ కొడితి. కొడతానే అనుకుంటి, ఓటైతే ఎప్పుడో వచ్చింది గానీ అది మా ఊరి ఆడోళ్ల చేతిదాకా వచ్చేదానికి ఎన్నేండ్లు పట్టె గదా అని. నా వంతు వచ్చినాక రాసుకుపోయిన కాయితం మడిచి సంచిలో పెట్టేసి, మా బడిలో జరిగింది జరిగినట్టు చెప్పేసినా. ఈడా అదే చెప్తా.

మా ఊరు జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దావలో ఉంది. ఊర్లో హైస్కూలుంది. పిల్లోళ్ల తల్లిదండ్రుల్లో, సాకేవాళ్లలో పదైదు మందిని ఎన్నుకోని కమిటీ ఏస్తారు, వాళ్లు ఒకరిని చైర్మన్ను చేస్తారు. ఆ చైర్మను మా మామ, అంటే మా అత్తకు సొంత తమ్ముడు. పెద్ద చీనీ తోట, అదే బత్తాయి తోట ఉంది, మాట చెల్తాది. మనవడి పేరు మీద కమిటీలో ఉంటాడు. ఆయప్ప సంతకం లేంది మా హెడ్మాస్టరు సారు చాక్‌పీసు గూడా కొనలేడు. చెడ్డోడా అంటే కాదు. మా పెండ్లికి పెద్దరికం చేసింది ఆయప్పే, మా ఆయనకు జ్వరమొస్తే కారేసుకోని వచ్చిందీ ఆయప్పే.

బడి ఎనకపక్క ఆడపిల్లోళ్లకని లెట్రిన్లు కట్టిచ్చినారు. టైల్సు గూడా ఏసినారు. దాంట్లో మా మామ డ్రిప్పు పైపుల చుట్టలు పెట్టి తాళమేసుకున్యాడు. పోయి అడిగితే, "ఎండకు పైపులు చెడిపోతాయి కోడలా, తోటకాడ షెడ్డు లేస్తానే తీసేస్తాలే" అనె. ఆ షెడ్డు మూడేండ్లయినా లేవలే.

ఇంగ ఆడపిల్లోళ్లు యాడికి పోవాల? రోడ్డు పక్క కంపచెట్లల్లోకి పోవాల. మధ్యాన్నం గంట కొడతానే ఊర్లో అవ్వలు దుప్పట్లు పట్టుకోని బడికాడికి పోతాండ్రి, పిల్లోళ్లకు మరుగు పట్టేదానికి. మా అత్తా పోతాండె. మా ఆడబిడ్డ కువైట్లో ఒకరింట్లో పనికి పోయింది, ఆమె కూతుర్ని మా అత్తే సాకుతాంది. ఎండ కాల్తాన్నా సరే, ఒక చేత్తో దుప్పటి కొస, ఇంగో చేత్తో కంప కొమ్మ పట్టుకోని నిలబడేది ఆమె. మా పాప ఎనిమిదో తరగతి. అది మాత్రం పోయేది కాదు. దావన పోయే బస్సులో నుంచి అందరూ చూస్తారని దానికి సిగ్గు.

ఒక దినం పాపకు చలిజ్వరం, ఒంటికి పోతే మంట. జమ్మలమడుగుకు తీసకపోయి చూపిస్తే డాక్టరమ్మ, "ఈ పిల్ల నీళ్లు తాగడం లేదమ్మా, ముందు నీళ్లు తాగించు" అనె. బస్సులో వస్తా వస్తా దాన్ని తిట్టినా. అదేమో కిటికీ పక్కకు తిరిగి, "నీళ్లు తాగితే యాడికి పోవాలమ్మా?" అనె. దానెనక కోపమొచ్చింది సూడండి, కాళ్లనుంచి తలదాకా వచ్చింది. మళ్లీ కమిటీ ఎన్నికలు రానే వచ్చె. నేను చైర్మనుకు నిలబడతాండా అని ఇంట్లో చెప్పేసినా.

మా ఆయన అన్నం కాడ నుంచి లేచిపాయ. "మామ మీద నిలబడతావా? తల తిక్కదా నీకు?" అనె.

"మామ మీద కాదు, ఆ తాళం మీద నిలబడతాండా" అంటి.

కమిటీలో ఆడోళ్లు సగానికి తగ్గకూడదని రూలుంది గదా, ఈసారి మగోళ్లు ఏడు మంది, మేము ఎనిమిది మంది అయితిమి. రవికె కొలతలు తీసుకుంటా ఒక్కొక్కరినే అడిగినా. సరే అన్యారు గానీ అందరిదీ ఒకటే బాధ: చెయ్యెత్తమంటే మాత్రం ఎత్తలేం. ఒకామెకు ఎదురుగానే సొంత మామ కూర్చోనుంటాడు. ఇంగొకామె మొగుడు మా మామ చేను కౌలుకు చేస్తాండాడు. వాళ్లను తప్పు పట్టేదానికి నాకు మనసు రాలే. వాళ్ల జాగాలో ఉంటే నా చెయ్యి గూడా లేచేది కాదు.

మా అత్తను మాత్రం అడగలే. అడిగి ఏం లాభం? మనవరాలి పేరు మీద ఆమెను కమిటీలోకి తెచ్చిందే మా మామ. మా యక్క ఉంటే ఒక చెయ్యి నాకు రాసిపెట్టినట్టే అని రచ్చకట్టమీద అందరికీ చెప్పుకున్యాడు. అది నిజమే. ఇన్నేండ్లుగా ఏ ఎన్నికలొచ్చినా చీటీ తెచ్చిచ్చేది ఆయప్పే, ఏ గుర్తుకో చెప్పేదీ ఆయప్పే. ఆమె పోయి ఏసొచ్చి, "ఏసినా రా" అని తమ్మునికి చెప్పి పనిలోకి పోతాది.

ఆ దినం బడి వరండాలో అందరం చేరితిమి. మా మామ సంచి నిండా ఉడకేసిన చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు తెచ్చె, అందరూ తినండని. ఎప్పుడూ తెస్తాడు. సారు లేచి, "చైర్మను పదవికి పాతాయనే కదా, ఇంకెవరైనా ఉన్నారా?" అని పుస్తకం మూయబోయె. నేను నిలబడితి.

మా మామ నవ్వె. "ఏం కోడలా, బడికి గూడా రవికె కుడతావా?"

"కుడతా మామా. కొలతలు తీసుకునే వచ్చినా."

మగోళ్లు గూడా నవ్విరి. సారు, "అయితే చేతులెత్తండి" అనె. నేను అప్పుడు చెప్తి, రహస్యంగా పెట్టమని అడగొచ్చంట గదా సార్, మా పాప నోటీసు బోర్డులో సదివి చెప్పింది అని. సారు కర్చీఫుతో మొహం తుడుచుకోని, "ఉందమ్మా" అనె. కానీ ఎట్ల? చీటీలు రాయాలంటే మాలో నలుగురికి రాయను రాదు. రాసినోళ్ల రాత మా ఊర్లో అందరికీ తెలుసు. అప్పుడు మధ్యాన్నం అన్నం వండే ఆమె వంటగది వాకిట్లో నుంచి, "రెండు వంట బోకులు నేనిస్తా. తలా ఒక చెనిక్కాయ ఇయ్యి సారూ, లోపలికొచ్చి ఏసిపోతారు" అనె. పసుపు బొట్టు పెట్టిన బోకు నాది, చాక్‌పీసు గీత గీసింది మామది. అందరికంటే గట్టిగా నవ్వింది మా మామే. "నా చెనిక్కాయలతో నా మీదనే ఓటేస్తారా, ఏయండి" అనె.

సారు పదైదు కాయలు లెక్కబెట్టి తలా ఒకటి ఇచ్చె. మొదట పోయినామె ఏస్తానే ఠంగుమని చప్పుడు. అది ఏ మూల నుంచి వచ్చిందో కనుక్కుందామని మగోళ్లందరూ మెడలు సాచిరి. వంటామె గబగబా రెండు బోకుల్లోనూ గిద్దెడు బియ్యం పోసె. ఆ పైన చప్పుడు లేదు. ఒకరెనక ఒకరు పోతాండారు, వస్తాండారు. మా అత్త లోపల శానా సేపుండి, కొంగుతో మూతి తుడుచుకుంటా వచ్చె. నేను గమనించలే. నా ధ్యాసంతా లెక్క మీదుంది.

సారు రెండు బోకులూ తెచ్చి పళ్లేల్లో కుమ్మరిచ్చి, బియ్యంలో నుంచి కాయలేరి లెక్కబెట్టె. దీంట్లో ఏడు. దాంట్లో ఏడు. మళ్లీ లెక్కబెట్టె. మూడోసారి లెక్కబెట్టె. పద్నాలుగే. మగోళ్లు ఏడు మంది, ఆడోళ్లు ఎనిమిది మంది అని అందరూ వేళ్ల మీద లెక్కలేసుకుంటాండారు. ఇంగ రహస్యం యాడుంది? ఆడోళ్లందరూ మెల్లిగా తలలొంచుకున్యారు. నాకు మాత్రం లోపల ఎంత సంతోషమో చెప్పలేను. చెయ్యెత్తలేమన్యోళ్లు ఒక్కరు గూడా మాట తప్పలే.

ఆ పదైదో కాయ యాడ? వంటామె బియ్యమంతా చేత్తో కెలికి చూసె. కుర్చీల కింద చూసిరి. అప్పుడు మా అత్త గమ్మున చెప్పె, "నేను తినేసినా" అని.

వరండా అంతా నవ్వులే. మా అత్త నవ్వలే. "ఆకలై తినలే సారూ. ఈ పక్క తమ్ముని బోకు, ఆ పక్క కోడలి బోకు. రెంటి నడుమ నిలబడుకుంటి. దేంట్లో ఏసేదానికీ చెయ్యి రాలే. ఒలుచుకోని తినేస్తి."

ఇంగ మొదలాయ రచ్చ. తినేసిన ఓటు తినేసినట్టే అని ఒకడు. ఇంగో కాయ ఇయ్యండి అని ఒకామె. కాయ తిని మళ్లీ కాయ అడిగితే ఎట్ల, చీటీలేసి తీద్దాం అని మా మామ. సమానమొస్తే చీటీనే తియ్యాల్నేమో అని సారు కాయితం రెండు ముక్కలు చించె గూడా. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగె. నా బిడ్డ నీళ్లు తాగేదీ లేనిదీ ఆ కాయితం ముక్క చెప్తాదా అనిపించె.

మా అత్త లేచి నిలబడె. "సారూ, చెయ్యెత్తితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా అవ్వా."

ఆమె కొంగు సర్దుకోని తమ్ముని పక్క తిరిగె. "రేయ్, నిన్ను ఈ చంకనే మోసినా. నువ్వు చెప్పిన గుర్తుకే ఇన్నేండ్లూ ఏసినా. మూడేండ్లుగా ఈ చేత్తోనే దుప్పటి పట్టుకోని కంపల్లో నిలబడతాండా. చెయ్యి నొప్పి పుడతాందిరా" అనె. అని ఆ చెయ్యే పైకెత్తె. "నాది కోడలికి."

గాజులు మోచేతి దాకా జారిపాయ. సారు రాసుకున్యాక గూడా చెయ్యి దించలే. అప్పుడు కౌలు చేసేవాళ్లామె చెయ్యెత్తె. సొంత మామ ఎదురుగా కూర్చోనున్యామె ఎత్తె. అవసరం లేకపోయినా మిగిలిన నలుగురూ ఎత్తిరి. నేను ఏడుస్తా ఎత్తితి. వంటామెకు ఓటే లేదు, ఆమె గరిటె పట్టుకున్య చెయ్యి ఎత్తె.

మా మామ మొలతాడుకున్య తాళాల గుత్తిలో నుంచి ఒకటి తీసి, నాకు గాదు, అక్క చేతిలో పెట్టె. "ఈ మాట నాకు ముందే చెప్పొచ్చు గదక్కా" అనె.

"నువ్వెప్పుడన్నా అడిగినావా?" అనె మా అత్త.

ఆ పొద్దే ఎనిమిది మందిమి కలిసి పైపుల చుట్టలన్నీ బయటికి ఈడ్చి పెట్టినాం. మరసటి దినం మా మామే ట్రాక్టరు పంపిచ్చి తీసకపాయ. నీళ్ల పైపు కలిపిచ్చేదానికి ఇంగో వారం పట్టె. ఇప్పుడు మా పాప బడికి పెద్ద నీళ్ల సీసా తీసకపోతాంది, ఖాళీ చేసుకోని వస్తాంది. సాయంత్రం ఆ ఖాళీ సీసా చూస్తే నాకు కడుపు నిండుతాది. పులివెందుల బస్సు బడి గేటుకాడ నిలపమని అర్జీ గూడా రాస్తాండాం. దానికింద మొదటి ఏలిముద్ర మా అత్తదే.

ప్రొద్దుటూరు మీటింగులో ఇదంతా చెప్పి కూర్చుంటి. అందరూ లేచి చప్పట్లు కొట్టిరి. ఒక కాలేజీ పిల్ల మైకు తీసుకోని మా అత్తకాడికి పోయి, "అవ్వా, ఆ దుప్పటి ఇంకా ఉందా?" అని అడిగె.

మా అత్త మైకును రెండు చేతుల్తో పట్టుకునె.

"ఉంది పాపా. దానిమీద చెనిక్కాయలు ఎండబోసుకుంటాండా."