గీకని ఫోన్ కార్డు

2022లో అబుదాబి ముసఫ్ఫాలో నేను పనిచేసే దుకాణం సగం టైపింగ్ సెంటరు, సగం ఫొటో స్టూడియో. ముందు గదిలో వీసా కాగితాలు, వెనక గదిలో నేనూ నా స్కానర్లూ. కాకినాడ నుంచి వచ్చినప్పటి నుంచీ నాది అదే కుర్చీ. రోజంతా పాస్‌పోర్టులు, ఐడీ కార్డులు, నవ్వకూడదని బిగుసుకుపోయిన ముఖాలు. ఎవరైనా కాస్త వేరే రకం పని తెస్తే నాకు పండగే.

ఒక ఆదివారం రాజేశం అనే ఆయన పాలపొడి డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. మెట్‌పల్లి దగ్గర ఊరు, ఇక్కడ క్రేన్ ఆపరేటరు. మూత తీసి నా బల్ల మీద బోర్లించాడు. అన్నీ పాత ఫోన్ కార్డులే.

ఇప్పటి పిల్లలకు చెప్పాలి. చేతిలో వాట్సాప్ లేని రోజుల్లో బకాలాకి, అంటే మన కిరాణా కొట్టుకి వెళ్లి కార్డు కొనుక్కునేవారు. వెనకనున్న వెండిరంగు పట్టీని గీకితే అంకెలు బయటపడేవి. అవి నొక్కితే ఇంటితో మాట్లాడుకోవచ్చు. నిమిషాలు అయిపోగానే కార్డు అక్కడే పారేసేవారు. ఈయన మాత్రం వాటి మీది డేగలు, పడవలు, ఖర్జూర తోటలు చూసి ముచ్చటపడి తనవే కాక, పక్కవాళ్లు పారేసినవీ ఏరి దాచాడు. లేబర్ క్యాంపులో ఆయన పేరు కచరా సేట్, అంటే చెత్త సేటు.

"మా ఇంటామె సుత అదే అంటది చెల్లె. మాట్లాడినంక కార్డు దాసుకునే పిచ్చోణ్ణి నిన్నే సూషిన అంటది," అన్నాడు.

ఆయన సైటులో సేఫ్టీ ఆఫీసరు ఒకాయనకు ఇలాంటివి సేకరించే సరదా ఉందట. ఇవి ఆన్‌లైన్ వేలంలో పోతాయని చెప్పి, అకౌంటు తెరిచి పెట్టాడు. రాజేశం ఫోన్‌తో ఫొటోలు తీసి పంపితే, ‘మూలలు కనబడటం లేదు, గీతలున్నాయో లేవో తెలియడం లేదు’ అంటూ వేలం వాళ్లు రెండుసార్లు తిప్పికొట్టారు. ఆ వారంతో గడువు అయిపోతుంది. వచ్చే నెల ఆయన వీసా క్యాన్సిల్ చేయించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. తాను పోగుచేసింది చెత్త కాదని భార్యకు చూపించాలి. అంతే ఆయన కోరిక.

ఒక కార్డు చేతిలోకి తీసుకున్నాను. వేళ్లకు జిడ్డు తగిలింది.

"సబ్బు నీళ్లల్ల కడిగి కొబ్బరి నూనె రాసిన. మెరుస్తలేవా?" అన్నాడు ధీమాగా.

"మెరుస్తున్నాయి అన్నయ్యా. ఇక పోపు పెట్టడమే తక్కువ."

ప్లాస్టిక్ కార్డులు కాబట్టి బతికిపోయాయి, కాగితపువైతే అక్కడితో ఖలాస్. మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేసరికి నా నడుం పట్టేసింది. నూనె స్కానర్ గాజుకు అంటితే తర్వాతి కస్టమర్ పాస్‌పోర్టులో కూడా అదే మరక.

మా దగ్గర రెండు స్కానర్లున్నాయి. కొత్తది సన్నది, సీఐఎస్ రకం. గాజుకు అతుక్కుని ఉన్నదాన్నే చూడగలదు, కాస్త పైకి లేచినా మసకే. ఈ కార్డులేమో జేబుల్లో ఉండి ఉండి వంపు తిరిగాయి. బల్ల కింద పడున్న పాత లావు స్కానర్ సీసీడీ రకం. అద్దాలతో, లెన్సుతో పనిచేస్తుంది కాబట్టి కొంచెం ఎత్తులో ఉన్నదీ స్పష్టంగా పట్టుకుంటుంది. మా ముదీర్, అదే మేనేజరు, దాన్ని పారేయమని ఎన్నిసార్లు అన్నా నేను విననందుకు ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. వెనక నల్లబట్ట పరిచాను. అలా చేస్తే అంచులు, అరిగిన మూలలు విడిగా కనిపిస్తాయి. ఆరువందల డీపీఐ పెట్టాను, అంటే అంగుళానికి ఆరువందల చుక్కలు. డస్ట్ రిమూవల్ ఆపేశాను. దుమ్ము తుడుస్తానంటూ అది కార్డు మీది గీతల్ని కూడా తుడిచేస్తుంది.

"తుడువనియ్యరాదు? మంచిగుంటది గద," అన్నాడాయన.

"ఇది పెళ్లిచూపుల ఫొటో కాదన్నయ్యా. కొనేవాడు ముందు గీతలే వెతుకుతాడు. ఇప్పుడు దాస్తే, కార్డు చేతికందాక తిట్టి వెనక్కి పంపిస్తాడు."

మొదటి కార్డు తెర మీద పెద్దగా తెరుచుకుంది. ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "అరె, డేగ కండ్లల్ల నల్లగుడ్డు సుత కనవడ్తుంది!" అంటూ తెర దగ్గరికి ముఖం పెట్టి చూశాడు. ఆయన సంబరం చూసి నేను నడుం నొప్పి మరిచిపోయాను.

చివర్లో జేబులోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న కార్డు ఇంకొకటి తీశాడు. దాన్ని కడగలేదు, నూనె రాయలేదు. వెనక వెండి పట్టీ చెక్కుచెదరలేదు. సేకరించేవాళ్లు ఇలాంటిదాన్ని మింట్ అంటారు, అసలు వాడనిదని. మొత్తం డబ్బాలో ఎక్కువ ధర పలికేది అదే.

"దీన్నెందుకు గీకలేదు?"

"ఊకెనే. మర్శిపోయిన," అని గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నేను దాన్ని ముందూ వెనకా రెండు వైపులా స్కాన్ చేశాను.

బొమ్మలన్నీ ఆయన ఫోన్‌కి పంపాను. వేలం సైటుకి ఎక్కించే లోపే ఆయన గర్వం ఆపుకోలేక అన్నీ ఇంటికి పంపేశాడు. ఇద్దరం చాయ్ తాగుతుండగా వీడియో కాల్ వచ్చింది. ఆయన భార్య గంగామణి. అరచేతిలో పెట్టుకుని మాట్లాడుతున్నాడు కాబట్టి ఆమె ముఖమూ మాటా నాకూ తెలుస్తున్నాయి.

"మస్తున్నయ్ గద!" అన్నాడు.

"మంచిగనే ఉన్నయ్. ఆ గీకని కార్డు ఎనుకదిక్కు సూషినవా? కింద సన్న అచ్చుల నెల, సాలు ఏసి ఉన్నయ్."

"అయితేంది?"

"అయితేందా? ఆ ఏడు దసరాకు నెల రోజులు ఫోన్ చెయ్యలే నువ్వు. ఎందుకంటే దుకాన్ల కార్డులే దొరుకుతలేవన్నవ్. మరి గిదేంది, మొగులుకెళ్లి వడ్డదా?"

రాజేశం ఫోన్ కిందికి దించి నా వైపు చూశాడు. "గంత సాఫ్‌గ తీసుడెందుకు చెల్లె!" అన్నాడు గొంతు తగ్గించి. నవ్వు ఆపుకోవడానికి నేను చాయ్ గ్లాసులో ముఖం దాచుకున్నాను.

దొరికిపోయాక చెప్పక తప్పలేదు. ఎవరో ఊరికి వెళ్తుంటే ఆయన మంచి రగ్గు కొని పంపాడు. గంగామణి దాన్ని తన తమ్ముడికి ఇచ్చేసింది. ఫోన్లో మాటా మాటా పెరిగింది, నిమిషాలు అయిపోయాయి. కోపంలోనే వెళ్లి ఇంకో కార్డు కొన్నాడు. కొన్నాక అలిగాడు. నెల రోజులు గీకలేదు. అలక తీరాక వేరే కార్డుతో మాట్లాడాడు.

"రగ్గు కోసమా?" అంది గంగామణి. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఆ నెల నాకు తిండి వోలే. సైట్ల ఏమన్న అయ్యిందో ఏమో అని, దుబాయ్‌కెళ్లి ఎవలొచ్చినా వాళ్లింటికి ఉరికిన. ఎరికేనా నీకు?"

నా నవ్వు ఎటుపోయిందో. నాకూ అలా ఎదురుచూసిన రోజులున్నాయి.

"తప్పయింది గంగామణి," అన్నాడు రాజేశం. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు కాబోలు, "దానికే ఎక్కువ ధర వస్తదట," అన్నాడు.

"అమ్ముతవా? నాతోని మాట్లాడనీకె కొన్న కార్డు ఇంకోనికెట్ల అమ్ముతవ్? అది నాది. ఇంటికి పట్టుకరా."

ఫోన్ పెట్టేసి, ఆ బొమ్మ తీసేయమన్నాడు. అది లేకపోతే వేలంలో పెద్దగా ఎవరూ తొంగిచూడరేమో, మరోసారి ఆలోచించుకోమని చెప్పాను.

"ఖలాస్ చెల్లె. అది అమ్ముడువోయింది," అని కవరు జేబులో పెట్టుకున్నాడు.

మిగతా బొమ్మల్ని వేలం వాళ్లు ఈసారి మారుమాట లేకుండా తీసుకున్నారు. కార్డులు మరీ గొప్ప ధరకేమీ పోలేదు. అయినా వేలం ముగిసిన రాత్రి కచరా సేట్ క్యాంపులో అందరికీ బిర్యానీ పెట్టించాడు, నాకూ ఒక పొట్లం పంపాడు.

ఊరు చేరాక ఒకసారి వీడియో కాల్ చేశారు. గంగామణి మంచం మీద కూర్చుని, నాకు చూపిస్తూ బొటనవేలి గోరుతో ఆ పట్టీని గీకింది. అంకెలు బయటపడ్డాయి. అవి ఇక ఎక్కడికీ కలపవు.

"ఇగ చెప్పు," అంది మొగుడితో. "గీ కార్డుతోని ఏం మాట్లాడుదామనుకున్నవ్?"

ఆయన తల గోక్కున్నాడు. "ఏమున్నది? తిన్నవా అని అడుగుదామనుకున్న."

"అడుగు మరి."

ఆయన అడిగాడు. నేను లైన్లో ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు, మెల్లగా ఫోన్ పెట్టేశాను.

బొమ్మ స్పష్టంగా వచ్చేలా చూడటమే నా పని, అది కొనేవాడి కోసమే అని అంతకుముందు అనుకునేదాన్ని. ఇప్పుడు అమ్మడానికి పాత వస్తువులు తెచ్చినవాళ్లను స్కానర్ మూత తెరిచే ముందే అడుగుతున్నాను, "ఇవి ఇంట్లో చూపించారా?" అని. చాలామంది నవ్వుతారు. ఎప్పుడో ఒకరు కాసేపు ఆగి, అందులోంచి ఒక్కటి తీసి జేబులో పెట్టుకుంటారు. అదేమిటని నేను అడగను.